అత్తగారూ, కుంపటీ, నేనూ

ఇంటికి ఆడపిల్ల పురుటికి వస్తోందంటే ఏమేం సమకూర్చుకోవాలో నన్నడగండి, గడగడా చెప్పేస్తాను. నెయ్యి, శొంఠి, మిరియాలు, కాయానికి కావలసిన దినుసులు, మెత్తటి పాత చీరలు, చెవుల్లోకి దూది. ఈ జాబితాలో చలికాచుకునే సాధనం ఒకటి రాసుకోవాలని మాత్రం 2019 డిసెంబరు దాకా నాకు తట్టలేదు. ఎందుకు తట్టాలి? అది మా ఇంట్లో అటకమీద ఉండనే ఉంది. మా అత్తగారు పుట్టింటినుంచి తెచ్చుకున్న కుంపటి!

మార్కాపురంలో చలేమిటని నవ్వకండి. వేసవిలో మా ఊరి పలకరాయి బండలమీద అప్పడాలు కాల్చుకోవచ్చన్న మాట నిజమే. కానీ ధనుర్మాసంలో నల్లమల మీదనుంచి తెల్లవారుజామున దిగివచ్చే గాలి సంగతి పొరుగూరివాళ్ళకు తెలియదు. గిద్దలూరు వైపు ఇంకా ఎక్కువ. మా అత్తగారిది ఆ వైపు పల్లెటూరే. ఆవిడ పుట్టినప్పుడు ఆ ప్రాంతమంతా కర్నూలు జిల్లా. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడితే అందులో కలిపారు. 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. జిల్లా మారిందిగాని ఆవిడ కర్నూలు యాస మారలేదు. పట్టుదల అంతకన్నా మారలేదు.

మా అమ్మాయికి మగపిల్లాడు పుట్టాడు. తొమ్మిదో రోజున ఇంటికి తీసుకొచ్చాం. వచ్చేటప్పుడు డాక్టరమ్మ, "పిల్లాడు కాస్త తక్కువ బరువున్నాడు, చలి తగలనివ్వకండి" అని ఒక్కమాట చెప్పింది. ఇహ చూడండి, ఆ ఒక్కమాట మీద మా ఇంట్లో సభ జరిగింది.

మా అల్లుడు హైదరాబాదునుంచి ఫోనులో బ్లోయరు కొనమన్నాడు. మా మరిది గ్యాసు హీటరైతే గది నిమిషాల్లో వెచ్చబడుతుందన్నాడు. పక్కింటావిడ, తన కాన్పుకి కిరసనాయిలు స్టవ్వు మీద రాత్రంతా నీళ్ళగిన్నె ఉంచేవారని చెప్పింది. ఎవరి ఇంధనం వారికి ముద్దు. మా వారు జిల్లా పరిషత్ హైస్కూల్లో ముప్ఫై ఏళ్ళు సైన్సు చెప్పి రిటైరైన మనిషి కదా, తీర్పు ఆయనే చెబుతారని అందరం ఆయన వైపు చూశాం. ఆయన పేపరు మడిచి, "అమ్మ ఏమంటే అది" అన్నారు. పెళ్ళయినప్పటినుంచీ ఆయన చెప్పే తీర్పు ఇదొక్కటే.

"ఏంది అమ్మాయ్ ఈ పంచాయితీ?" అన్నారు మా అత్తగారు. "నలుగురు బిడ్డల్ని కన్నా. నలుగురికీ ఈ కుంపటే. ఒక్కరికన్నా తుమ్ము వచ్చిందా?"

రాలేదు మరి. ఆ నలుగురిలో ఒకరు పేపరు చదువుకుంటూ ఎదుటే కూర్చున్నారు!

నిజం చెప్పొద్దూ, నేనూ కుంపటికే ఓటేశాను. అత్తగారి మీద భక్తికొద్దీ అనుకునేరు, కానే కాదు. మా వైపు సర్కారు తుమ్మ బొగ్గులు కారుచవక. పురుడి ఖర్చులు అప్పటికే చెయ్యి దాటిపోతున్నాయి. హీటరు ధర విన్నాక మా అత్తగారి అనుభవం మీద నాకు హఠాత్తుగా గౌరవం పెరిగింది.

అత్తగారు కుంపటి వెలిగించే పద్ధతి చూసి తీరవలసిందే. పెరట్లో పెట్టి, విసనకర్రతో విసిరి, పొగంతా పోయి బొగ్గులు దానిమ్మ గింజల్లా ఎర్రబడ్డాకే లోపలికి తెచ్చేవారు. పైన చిటికెడు వాము, కాస్త సాంబ్రాణి. గదంతా ఘుమఘుమ. తరవాత తలుపు మూసి, కిటికీ అద్దాలు జరిపి, తలుపు కింద సందులో గోనెపట్టా కుక్కేవారు, వెచ్చదనం బయటికి పోకుండా. పొగ లేదు గనక భయం లేదని ఆవిడ నమ్మకం. నా నమ్మకమూ అదే.

మొదటి రెండు రాత్రులూ హాయిగా గడిచాయి. మూడో రాత్రి చలి ఎక్కువగా ఉందని బొగ్గులు కాస్త ఎక్కువ వేశాం. అమ్మాయి మంచం మీద, పక్కన పిల్లాడు, కింద చాపమీద నేను. ఏ రెండింటికో మెలకువ వచ్చింది. తల పగిలిపోతోంది. కడుపులో తిప్పుతోంది. మధ్యాహ్నం తిన్న గోంగూర పనేమో అనుకున్నాను. "అమ్మా, నాకూ తల దిమ్ముగా ఉంది, వాంతయ్యేట్టుంది" అంది అమ్మాయి మగతగా. బాలింత కదా, నీరసం కాబోలు అనుకున్నాను. చూశారా, ఒకే గదిలో ఇద్దరికి ఒకేసారి ఒకే తలనొప్పి వస్తే కూడా దానికొక కారణం, దీనికొక కారణం వెతుక్కున్నాను తప్ప, రెంటికీ కారణం ఎదురుగా ఎర్రగా నవ్వుతోందని నాకు తోచలేదు.

నన్ను లేపింది నిజానికి తలనొప్పి కాదు, నిశ్శబ్దం. రెండు గంటలకొకసారి పాలకోసం ఊరు లేపే పిల్లాడు నాలుగు గంటలుగా ఊ అనలేదు. పాదం గిల్లాను. కదిలాడుగాని ఏడవలేదు. ఆ క్షణాన నా ఒంట్లోకి వచ్చిన చలి ఏ కుంపటికీ పోయేది కాదు. లేవబోతే కాళ్ళు దూదిలా ఉన్నాయి. గోడ పట్టుకుని, గోనెపట్టా కాలితో తన్ని, తలుపు లాగి, "ఏమండీ" అని కేక వేశాను. ఆ కేక నాకే సరిగా వినిపించలేదు.

మా వారు వచ్చారు. గుమ్మంలో నిలబడి ఒక్కసారి గదిలోకి చూశారు. ఆయన ముఖం పాలిపోయింది. మాట్లాడకుండా పిల్లాణ్ణి దుప్పటితో సహా ఎత్తుకుని వసారాలోకి పరుగెత్తారు. ఆ నల్లమల గాలి, ఇన్నాళ్ళూ శత్రువనుకున్న ఆ చలిగాలి ముఖాన కొట్టగానే పిల్లాడు చిన్నగా ముక్కాడు. ఇంకాసేపటికి కేరుమన్నాడు. అంత మంచి సంగీతం నేను ఏ కచేరీలోనూ వినలేదు.

తెల్లవారకముందే ఆసుపత్రికి వెళ్ళాం. డాక్టరమ్మ మా ముఖాలు చూసి అడిగిన మొదటి ప్రశ్న, "గదిలో కుంపటి పెట్టారా?" తల్లికీ బిడ్డకీ కొన్ని గంటలపాటు ఆక్సిజన్ పెట్టారు. సాయంత్రానికి ఇద్దరూ తేరుకున్నారు. అందుకే ఈ కబురు ఇలా తీరిగ్గా చెప్పగలుగుతున్నాను.

ఇంటికొచ్చాక మా వారు అన్నం తినలేదు. అలమరలోంచి మా ఊరి పలక ఒకటి తీశారు. ఒకప్పుడు ఎక్కడెక్కడి బళ్ళకో మా మార్కాపురం పలకలే వెళ్ళేవి. ఇప్పుడు బడిలో పలక పట్టేవాడే తక్కువైనా మా ఇంట్లో చాకలి పద్దు, పాల పద్దు దానిమీదే. ఆ పద్దులు తుడిచేసి లెక్క వేశారు. పదడుగుల పొడుగు, పదడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు ఉన్న గదిలో పట్టే గాలి బరువు సుమారు 34 కిలోలు. ఒక కిలో బొగ్గు పూర్తిగా కాలాలంటే దాదాపు 11 కిలోల గాలి కావాలి.

"రాత్రికి ఎన్ని బొగ్గులు వేశారు?" అన్నారు.

"రెండు కిలోల పైనే ఉంటాయి" అన్నాను.

ఆయన బలపం కింద పెట్టేశారు. గాలి చాలినంత ఉంటే బొగ్గు కార్బన్ డయాక్సైడుగా కాలుతుందట. గాలి చాలకపోతే సగం సగం కాలి కార్బన్ మోనాక్సైడు అవుతుందట. దానికి రంగు లేదు, వాసన లేదు, దగ్గు రానివ్వదు, కంట నీరు తెప్పించదు. మన రక్తంలో ప్రాణవాయువు కూర్చోవలసిన చోట రెండు వందల రెట్లకు పైగా గట్టిగా అతుక్కుని కూర్చుంటుంది. పొగ పోయి ఎర్రగా కణకణలాడే బొగ్గే అన్నిటికన్నా నమ్మకద్రోహి. పొగ ఉంటే కనీసం మనం దగ్గి లేస్తాం.

"ముప్ఫై ఏళ్ళు ఈ పాఠం చెప్పానే, మా ఇంట్లో గదికి వస్తుందని తోచలేదు" అన్నారు. ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకోవడం మా మామగారు పోయినప్పటి తరవాత మళ్ళీ అప్పుడే చూశాను.

మా అత్తగారి సంగతి చెప్పనేలేదు కదూ? ఆవిడ ఆ రోజంతా పెరట్లో తులసికోట దగ్గర కూర్చున్నారు. ఎవరూ ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది కాబోలు. చీకటి పడ్డాక నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. చాలాసేపటికి, "మరి ఆ నలుగురూ ఎట్లా బతికినారు అమ్మాయ్?" అన్నారు. సమర్థించుకోవడానికి కాదు, నిజంగానే అడిగారు.

ఆ ప్రశ్నకు జవాబు నాకు పలకమీద దొరకలేదు. ఎప్పుడో చూసిన పడవలో దొరికింది.

పెళ్ళయిన కొత్తలో, 1987 దసరా సెలవుల్లో, మా వారి బళ్ళో టీచర్లంతా కలిసి కాశ్మీరు యాత్ర వేశారు. శ్రీనగరులో దాల్ సరస్సు మీద పడవ ఇంట్లో ఒక రాత్రి ఉన్నాం. పడవంటే మన గూటిపడవ కాదు, గదులూ తివాచీలూ ఉన్న కొయ్య ఇల్లే. మేం వణికిపోతుంటే పడవ ముసలాయన బుఖారీ ముట్టించాడు. ఇనపపీపాలా ఉంటుంది, లోపల కట్టెలు, మూత. దాని నెత్తినుంచి ఒక రేకు గొట్టం లేచి పైకప్పులోంచి బయటికి పోతుంది. పడుకోబోయేముందు ఆయన నిప్పు ఆర్పేసి, ఒక కిటికీ రెక్క వేలెడు తెరిచి పోయాడు. "వేడి చేసి మళ్ళీ కిటికీ తీస్తాడేమిటి, పిచ్చాడు!" అని మేం నవ్వుకుని, ఆయన అటు వెళ్ళగానే కిటికీ మూసేశాం. ముప్ఫై రెండేళ్ళ తరవాత తులసికోట దగ్గర కూర్చుని ఆ ముసలాయనకు మనసులో దణ్ణం పెట్టుకున్నాను. కొయ్య పడవలో, చుట్టూ నీళ్ళు, చిన్న గది. అలాంటి చోట నిప్పుతో కాపురం చేసేవాడికి తెలుసు, నిప్పుకి కూడా ఊపిరి కావాలని. అది విడిచిన ఊపిరి మనం పీల్చకూడదని.

ఈ గొట్టం సంగతే మా అత్తగారితో చెప్పాను. ఆవిడ నా ముఖంలోకి చూశారు. "గవాచి!" అన్నారు.

"ఏమిటత్తమ్మా?"

"మా మిద్దెకు గవాచి ఉండె గదా!"

గిద్దలూరు వైపు పాతకాలపు మట్టిమిద్దెలకు పైకప్పులో జానెడు కంత వదిలేవారు, వెలుతురు రావడానికీ పొగ పోవడానికీ. దాన్నే ఆవిడ గవాచి అంటారు. వానొస్తే పైన రేకుముక్కో బండో కప్పేవారు. దానికి తోడు తలుపు చెక్కల సందులు, దూలాల సందులు, గోడల పగుళ్ళు. ఆ ఇల్లే ఊపిరి పీల్చేది. అదే కుంపటి, అవే బొగ్గులు, అదే మనిషి. మారింది ఇల్లు. స్లాబు వేసి, టైల్సు పరిచి, ఈగ దూరకుండా జరుపుడు అద్దాల కిటికీలు పెట్టుకుని మేం కట్టుకున్నది ఒక మూతబిగించిన డబ్బా. అందులో గోనెపట్టా కుక్కి ఇంకాస్త బిగించాం. ఆవిడ అనుభవంలో తప్పు లేదు. ఆ అనుభవం ఏ ఇంట్లో సంపాదించినదో అడగకపోవడం మా తప్పు.

మర్నాడు మళ్ళీ సభ జరిగింది. ఈసారి ఒక్కటే ప్రశ్న, అదీ మా అత్తగారే వేశారు. "దాని ఊపిరి ఏడికి పోతాది?" ఏ హీటరు పేరు చెప్పినా ఇదే ప్రశ్న. ధర ఎంత అని నేనడగబోయేలోపు ఆవిడ ప్రశ్న వచ్చేసేది.

కిరసనాయిలు స్టవ్వు ఊపిరి ఏడికి పోతాది? గదిలోకే. కొట్టేశాం. గొట్టంలేని గ్యాసు హీటరుదో? అదీ గదిలోకే. పైగా మన వంటగ్యాసు గాలికన్నా బరువైనది, కారితే నేలబారునే పేరుకుంటుంది. నేను పడుకునేది నేలమీదే. అదీ కొట్టేశాం. తలుపు బిగించిన స్నానాల గదిలో గ్యాసు గీజరు పెట్టి ప్రాణాలమీదికి తెచ్చుకున్నవాళ్ళ కబుర్లు పేపర్లో ఎన్నిసార్లు చదవలేదు! అదీ ఈ దెబ్బే. గీజరు బయట గోడకుండి, నీళ్ళు మాత్రం గొట్టంలో లోపలికి రావాలి.

మరి కరెంటుదో? మా వారు పలక తీసుకుని ఒక పక్క మా ఇల్లు, ఇంకో పక్క పొగగొట్టం బొమ్మ గీశారు. ముద్దనూరు దగ్గరో, ఇబ్రహీంపట్నంలోనో బొగ్గు కాలుతుంది, పొగ అక్కడే ఆకాశంలోకి పోతుంది, వేడి మాత్రం తీగలో మన గదికొస్తుంది. "అంటే ఇదీ కుంపటే నాయనా, గవాచి మాత్రం ఆడ పెట్టినారు" అన్నారు అత్తగారు. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఇంత చురుకైన విద్యార్థి తనకు దొరకలేదని మా వారు ఇప్పటికీ అంటుంటారు.

కరెంటులోనూ రకాలున్నాయి. ఎర్రగా కాలే కడ్డీలది చవకేగాని చీరచెంగు తగిలితే చాలు, బాలింత గదిలో ఆరేసిన గుడ్డలకు లోటా? బ్లోయరు గాలి నేరుగా పిల్లాడి మీద కొడుతుంది, రొద కూడా. చివరికి నూనె హీటరని ఒకటి కొన్నాం. రేకుల్లాంటి మడతలతో చిన్న బీరువాలా ఉంటుంది. దాని లోపల నూనె అంటే అత్తగారికి అనుమానం. "ఏ నూనె? ఆముదమా, శనగనూనా? నెలకెంత పోయాల?" పొయ్యక్కర్లేదు, ఆ నూనె కాలదు, సీలు వేసిన గొట్టాల్లో వేడెక్కి తిరుగుతూ ఉంటుందంతే. నెమ్మదిగా కాగుతుంది, నెమ్మదిగా చల్లారుతుంది, అచ్చం మా వారి కోపంలాగా. రెండు వేల వాట్లది కాబట్టి పూర్తిగా నడిస్తే గంటకు రెండు యూనిట్లు. గది వెచ్చబడగానే తనంతట తనే ఆగుతుంది. పొడిగింపు తీగల డబ్బాలకు కాకుండా గోడకున్న పెద్ద ప్లగ్గుకే పెట్టాలి. ఇంత చేసినా కిటికీ రెక్క వేలెడు తెరిచే ఉంచాం. మనం విడిచే ఊపిరి కూడా ఎక్కడికో పోవాలి కదా.

అంతా బాగుందిగాని, కరెంటు పోతేనో? ఈ అనుమానం నాది. నా ప్రశ్న విని డాక్టరమ్మ నవ్వింది. "కరెంటూ గ్యాసూ అక్కర్లేని హీటరు మీ ఇంట్లో ఉంది" అని, పిల్లాడి చొక్కా విప్పి మా అమ్మాయి గుండెలమీద బోర్లా పడుకోబెట్టి, పైన దుప్పటి కప్పి, నెత్తికి టోపీ పెట్టింది. 1978లో కొలంబియా దేశంలో బొగొటా నగరపు ఆసుపత్రిలో ఇంక్యుబేటర్లు చాలక, తక్కువ బరువు పిల్లల్ని ఇలా తల్లుల గుండెలకే అప్పగించారట. పిల్లలు కోలుకోవడం చూసి ప్రపంచమంతా నేర్చుకుంది. కంగారూ పద్ధతి అని దానికి పేరు. తల్లి ఒళ్ళు ఎక్కువ కాగదు, తక్కువ కాగదు. దాని ఊపిరి ఎక్కడికి పోతుందని అడగనక్కర్లేదు, అది పిల్లాడికి జోల.

రాత్రి కరెంటు పోయినప్పుడు నేను చూద్దునుగదా, మా అత్తగారు మునిమనవణ్ణి రవికె గుండీలు తీసి గుండెకు హత్తుకుని, శాలువ కప్పుకుని కూర్చున్నారు. "నేనూ పాత హీటరునే గదా" అన్నారు.

ఇప్పుడు వాడు బడికి పోతున్నాడు. కుంపటిని పారెయ్యలేదు, దాని చోటు మార్చాం. పెరట్లో వేపచెట్టు కింద రాగికాగు నీళ్ళు కాచడానికి అదే. అక్కడ దానికి కావలసినంత ఊపిరి. మీ ఇంట్లో ఈ చలికాలం పురుడుంటే, కుంపటి వద్దన్నందుకు పెద్దవాళ్ళతో తగువు పెట్టుకోకండి. వాళ్ళ పాత ఇంటికి కప్పులో కంత ఉండేదా అని అడగండి, చాలు. తలనొప్పీ, తిప్పటం, మగతా ఇంట్లో ఇద్దరికి ఒకేసారి వస్తే మాత్రం కారణం వెతుకుతూ కూర్చోక ముందు తలుపు తీసి బయటికి నడవండి, ఆనక ఆసుపత్రికి.

అన్నట్టు, ఆ సంక్రాంతికి మా అత్తగారు తన పింఛను డబ్బుతో మేస్త్రీని పిలిపించి, ఆ గది గోడకు పైన జానెడు కంత కొట్టించి జాలీ పెట్టించారు. కొత్త గోడ పాడైందని మా వారు గొణిగారు. ఇంట్లో అందరం దాన్ని అవ్వ గవాచి అంటాం. పొద్దున పూట అందులోంచి ఒక ఎండచారిక మంచం మీద పడుతుంది. సెలవులకు వచ్చినప్పుడు మా మనవడు దాన్ని పట్టుకోబోతూ ఉంటాడు.